హాస్యము – అవహిత్థ
మనోవ్యథను గూర్చిన ప్రసంగమున పరిహాసమునకు గల స్థానము

నవ్వు నాలుగు విధముల చేటని తెలుగు సామెత. ఆ నాలుగు విధములేవియో సామెత చెప్పదు. చెప్పకుండుటచేతనే పెద్దలు పిన్నలను మందలించుటకు అది సర్వత్ర పనికివచ్చుచున్నది. ఇటీవలి కాలమున దీనికి ప్రతిగా వేరొక వాదము బయలుదేరినది. నలుగురిలో చెప్పుకొనరాని మనోవ్యథను చెప్పుకొనుటకు పరిహాసమే తొలిమార్గమనియు, నవ్వుతో మొదలైన మాట మెల్లగా నిజమైన సంభాషణముగా మారుననియు ఆ వాదము. యువజనులు చేతిఫోనులలో ఒకరికొకరు పంపుకొను ‘మీమ్’ అను హాస్యచిత్రములు దీనికి ముఖ్యోదాహరణములుగా చూపబడుచున్నవి. భయము, దిగులు, నిద్రలేమి, జీవితమునందు విసుగు మున్నగువానిని ఒక బొమ్మతోడను రెండు పంక్తుల మాటలతోడను నవ్వుగా మార్చి పంపుట ఆ చిత్రముల పద్ధతి.

ఇది సాహిత్యపరిశోధకులు చర్చింపదగిన విషయమా యని పండితులకు సందేహము కలుగుట సహజము. కాని హాస్యమెట్లు పుట్టును, ఎవరిని గూర్చి ఎవరు నవ్వుదురు, నవ్వినపిమ్మట ఏమి జరుగును అను ప్రశ్నలు భరతుని నాటినుండియు అలంకారశాస్త్రమునకు చెందినవే. పైవాదమున సత్యమెంత కలదో తేల్చుటకు శాస్త్రము, నాటకములు, లోకోక్తులు, నేటి హాస్యచిత్రములు అను నాలుగింటిని వరుసగా పరిశీలించుట యుక్తము. పరిహాసము వ్యథకు నోరిచ్చుమాట నిజమే. ఆ నోటిని మరల మూయుశక్తియు దానికే కలదు. ఈ రెండింటిలో ఏది జరుగునన్నది నవ్వించినవానికంటె నవ్వినవానిపై ఎక్కువగా ఆధారపడియుండునని ఈ పరిశీలనమువలన తేలును.

1. శాస్త్రమర్యాద

‘మీమ్’ అను మాట పుట్టుక ముందుగా గమనింపదగినది. 1976లో రిచర్డ్ డాకిన్స్ అను ఆంగ్ల జీవశాస్త్రవేత్త, ఒకరినుండి యొకరికి అనుకరణముచే సంక్రమించు భావమునకు పేరుగా, అనుకరింపబడినదను అర్థముగల గ్రీకుపదమును కుదించి దీనిని కల్పించెను. హాస్యచిత్రములకు ఈ పేరు తరువాతి కాలమున వచ్చినది. మాట క్రొత్తదైనను, అనుకరణమునకును హాస్యమునకును గల సంబంధము భారతీయశాస్త్రమునకు క్రొత్తది కాదు. శృంగారముయొక్క అనుకృతియే హాస్యమని భరతుడు నాట్యశాస్త్రము ఆరవ యధ్యాయమున చెప్పినాడు. అభినవగుప్తుడు దీనిని విస్తరించి, కరుణాదుల ఆభాసములనుండియు హాస్యము పుట్టునని వ్యాఖ్యానించెను. తన దుఃఖమును తానే కొంత వికృతపరచి, దానిని పరునిదివలె దూరమున నిలిపి, ఇతరులకు చూపించు హాస్యచిత్రము ఈ కరుణాభాసమున చేరును.

భరతుడు హాస్యమును ఆత్మస్థము, పరస్థము అని రెండుగా విభజించెను. తాను నవ్వుట మొదటిది, పరులను నవ్వించుట రెండవది. ఈ విభాగము నవ్వు ఎవరియందుండునో చెప్పునుగాని, ఎవరిని గూర్చినదో చెప్పదు. ప్రస్తుతవిషయమునకు ఈ రెండవ భేదము ముఖ్యము. వ్యథపడువాడే తన్ను గూర్చి నవ్వించినచో అది స్వవిషయకము. వ్యథపడువానిని చూచి ఇతరులు నవ్వినచో పరవిషయకము. మనోవ్యథను గూర్చిన హాస్యమంతయు ఒక్కటే యని స్తుతించువారును, ఒక్కటే యని నిందించువారును ఈ భేదమును విస్మరించుచున్నారు.

వ్యభిచారిభావముల పట్టికయు ఇచట స్మరింపదగినది. ముప్పదిమూడింటిలో నిర్వేదము, గ్లాని, శంక, దైన్యము, చింత, జడత, విషాదము, అపస్మారము, ఉన్మాదము కలవు. మనస్సు నలిగిన విధములను ఇంత నిశితముగా వేరుపరచి పేర్లు పెట్టినవారు, వానిని నాటకమున చూపుట తప్పని యెన్నడును తలపలేదు. అంతకంటెను విశేషమైనది, హాస్యరసమునకు భరతుడు చెప్పిన వ్యభిచారిభావములలో మొదటి పేరు అవహిత్థ యగుట. అవహిత్థయనగా ఆకారగోపనము, లోని భావము ముఖమున కనబడకుండ దాచుట. నవ్వునకు తోడుగా వచ్చు భావములలో దాపరికమును మొట్టమొదట పేర్కొనుట యాదృచ్ఛికమైనను కాకున్నను, ప్రస్తుతచర్చకు అదియే తాళపుచెవి.

ఇక నవ్వుయొక్క ఆరు భేదములు. స్మిత హసితములు ఉత్తమప్రకృతులకు, విహసితోపహసితములు మధ్యములకు, అపహసితాతిహసితములు అధములకు చెప్పబడినవి. అపహసితలక్షణమున, తగని చోట నవ్వుటయు కన్నులు నీటితో నిండుటయు చేరియున్నవి. కన్నీటితోడి నవ్వును అధమమని చెప్పుట మర్యాదనుబట్టి చేసిన విభాగమే కాని, అట్టి నవ్వున భావగాంభీర్యము లేదనుట కాదు. సభలో నవ్వరానిచోట నవ్వినవాడు సభ్యతను తప్పినాడనవచ్చును. అతడెందుకు నవ్వెనో, ఆ కన్నీరెక్కడిదో అడుగుట విమర్శకుని పని.

2. మాధవ్యుని నమ్మకము

నాటకములలో రాజు మనోవ్యథను వినువాడు మంత్రి కాడు, పురోహితుడు కాడు, విదూషకుడు. సమస్తము తెలిసినవారికి చెప్పుకొనరాని మాటను, తిండిపోతును అందరికిని నవ్వులపాత్రమును అగు నొక బ్రాహ్మణునికి చెప్పుకొనుట కవులందరును అంగీకరించిన పద్ధతి. కారణము స్పష్టము. విదూషకుని యెదుట రాజు చిన్నవాడు కాడు. పరిహాసము నడుమనుండుటచే, చెప్పిన మాట కావలసినపుడు నిజమగును, వలదన్నపుడు నవ్వులాట యగును. ఈ సౌకర్యముయొక్క మేలును కీడును కాళిదాసు అభిజ్ఞానశాకుంతలమున చూపినంత స్పష్టముగా మరియొకరు చూపలేదు.

ద్వితీయాంకమున దుష్యంతుడు శకుంతలపై తనకు గలిగిన మక్కువను మాధవ్యునికి చెప్పుకొనెను. మాధవ్యుడు ఖర్జూరములు తిని విసిగి చింతపండు కోరువానితో రాజును పోల్చి నవ్వించెను. ఆ నవ్వువలన రాజు మాట ఇంకను సాగినదే కాని ఆగలేదు. ఇంతవరకు పరిహాసము చేసినది ఉపకారమే. అంకాంతమున రాజమాతలనుండి కబురు రాగా, రాజు తనకు బదులుగా మాధవ్యుని నగరమునకు పంపవలసివచ్చినది. చపలుడగు వీడు అంతఃపురమున ఈ మాట చెప్పునేమో యని శంకించి, తాను చెప్పినదంతయు పరిహాసమే యనియు, సత్యముగా గ్రహింపవలదనియు రాజు చెప్పి పంపినాడు. మాధవ్యుడు నమ్మినాడు.

పంచమాంకమున శకుంతల సభకు వచ్చునప్పటికి మాధవ్యుడు అచట లేడు. హంసపదికను సమాధానపరచుటకు రాజే అతనిని పంపియుండెను. శాపముచే రాజునకు మరపు. అసలు మాట విన్న ఒక్కడు సభలో లేడు. షష్ఠాంకమున ఉంగరము దొరకి జ్ఞాపకము వచ్చిన పిమ్మట రాజు మాధవ్యుని అడుగును: నిరాకరించిన సమయమున నీవు దగ్గర లేవు సరియే, అంతకుముందైనను ఆమె పేరెన్నడును ఎత్తవైతివేమి, నావలెనే మరచితివా? మాధవ్యుడు తాను మరువలేదనియు, అంతయు చెప్పి చివరకది పరిహాసమని రాజే యన్నందున, మట్టిముద్దవంటి బుద్ధిగల తాను దానినే నమ్మితిననియు చెప్పును.

ఈ సంభాషణమును కథాసంవిధానమునకై కవి చేసిన చమత్కారముగా మాత్రమే గ్రహించుట వాడుక. విదూషకునికి వృత్తాంతము తెలిసియుండగా పంచమాంకమున చిక్కు నిలువదు గనుక కవి ఈ యుపాయము పన్నెనని వ్యాఖ్యానింపవచ్చును. అది నిజమే, కాని అంతటితో చాలదు. దుర్వాసుని శాపము రాజుయొక్క జ్ఞాపకమును మాత్రమే హరించెను. మాధవ్యుని జ్ఞాపకమును హరించినది శాపము కాదు, ‘పరిహాసము’ అను నొక్క మాట. మరచినవానికి గుర్తుచేయగల మిత్రుడు ఉండియు లేనివాడయ్యెను. మనస్సులోని మాటను నవ్వులో చుట్టి చెప్పి, వెంటనే అది నవ్వేయని వెనుకకు తీసికొనువాని గతియు, ఆ వెనుకకు తీసికొనుటను సత్యముగా నమ్మిన మిత్రుని గతియు ఇచట కన్నులకు కట్టినట్లున్నవి.

మాధవ్యుని కథ ఇంతటితో ముగియదు. అదే షష్ఠాంకమున పశ్చాత్తాపముతో కృశించి, రాజు శకుంతల చిత్తరువు వ్రాసి దానినే ప్రత్యక్షమని భ్రమించు స్థితికి వచ్చినపుడు, అది బొమ్మయని చెప్పి మరల లోకమునకు తెచ్చినవాడు మాధవ్యుడే. తరువాత ఇంద్రసారథియగు మాతలి కంటికి కనబడక మాధవ్యుని పట్టుకొని బాధించును. అతని యార్తనాదము విని రాజు ధనుస్సు ఎక్కుపెట్టును. పిమ్మట మాతలి ప్రత్యక్షమై, రాజు ఏదో మనస్సంతాపముచే వికలుడై యుండుట చూచి, అతనిని ఉద్రేకపరచుటకై అట్లు చేసితినని చెప్పును. హాస్యపాత్రము పడిన పాట్లే రాజును విషాదమునుండి లేపినవి. రెండవ యంకమున మూసిన తలుపును ఆరవ యంకమున తెరచినవాడును అతడే. ఈ రెండుచోట్లకును భేదమొక్కటే. ఆరవ యంకమున మాధవ్యుడు రాజు మాటను పరిహాసమని కొట్టివేయక దగ్గర నిలిచి విన్నాడు.

3. పురూరవుడు, యుగంధరుడు

మిత్రుడు లేనిచో ఏమగునో విక్రమోర్వశీయము చూపును. ఆ నాటకమున మాణవకుడను విదూషకుడు ద్వితీయాంకమున రాజరహస్యమును కడుపులో దాచుకొనలేక రాణి చెలికత్తెకు దొరకిపోవును. నవ్వించుటకు పనికివచ్చిన ఈ బలహీనత తుర్యాంకమున కనబడదు. ఏలయన అచట మాణవకుడే లేడు. ఊర్వశి లతగా మారి కనుమరుగు కాగా, పురూరవుడు ఉన్మత్తుడై అడవిలో తిరుగుచు మేఘమును, నెమలిని, కోకిలను, హంసను, చక్రవాకమును, తుమ్మెదను, ఏనుగును, పర్వతమును, నదిని అడుగును. అతడు మాటలాడని ప్రాణి లేదు. ప్రత్యుత్తరమిచ్చిన ప్రాణియు లేదు. ఒక్కని వ్యథ లోకమునకంతటికి వినబడియు ఎవరిచేతను వినబడకపోవుట ఎట్లుండునో ఆ యంకము చెప్పును. వేలమందికి ఒక్కమారు చేరి, ఒక్కరినుండియు మాటగా తిరిగిరాని నేటి హాస్యచిత్రములకు ఇది దూరపు పోలిక కాదు.

తెలుగున వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయమున దీనికి విపర్యయముగా నొక సన్నివేశము కలదు. 1897 నాటి ఆ నాటకమున, ఢిల్లీకి బందీగా కొనిపోబడిన కాకతీయ ప్రభువును విడిపింప బూనిన మంత్రి యుగంధరుడు వెర్రివాని వేషమున ఆ నగరవీథులలో తిరుగుచు, తాను చేయబోవు పనినే బిగ్గరగా చాటుచుండును. విన్నవారందరును నవ్వుదురు. వెర్రివాని మాటకు అర్థముండునని ఎవరును తలపరు గనుక, సత్యము పట్టపగలు నడివీథిలో నిలిచియు రహస్యముగనే యుండును. భాసుని ప్రతిజ్ఞాయౌగంధరాయణమునను మంత్రి ఉన్మత్తవేషమునే ధరించును. ఈ మంత్రులిరువురకును లోకముయొక్క ఆలకింపమియే ఆయుధము. రాజనీతికి పనికివచ్చిన ఈ సూత్రము నిజముగా వ్యథపడువాని పట్ల ఎంత ప్రమాదకరమో ఊహింపవచ్చును. వెర్రిమాటయనియో వేళాకోళమనియో పేరు పెట్టిన పిమ్మట, ఎంత గట్టిగా చెప్పినను ఆ మాట వినబడదు.

4. వెర్రిపై నవ్వు

తెలుగువారి వ్యవహారమున పరవిషయకహాస్యమునకు కొదవ లేదు. వెర్రి కుదిరినది, రోకలి తలకు చుట్టుమన్నాడను సామెత అందరెరిగినదే. దాని నిర్మాణము చక్కనిది. రోగి తనకు నయమైనదని చెప్పును. వెంటనే కోరిన కోరికచే కాలేదని తానే నిరూపించుకొనును. రెండు మాటలలో నాటకమంతయు కలదు. కాని ఈ నవ్వు రోగిని చూచి ఆరోగ్యవంతుడు నవ్వు నవ్వు. తరువాత నొక ప్రశ్నకు ఇందు తావు లేదు. హైదరాబాదున ఎర్రగడ్డయు, విశాఖపట్టణమున చినవాల్తేరును, అచట మానసిక చికిత్సాలయములుండుటచేతనే, పరిహాసపదములైనవి. చికిత్స దొరకు తావునకు పేరే తిట్టుగా మారినపుడు, ఆ తావునకు పోదలచినవాడు ముందుగా ఆ నవ్వును దాటవలెను.

ఇదే భాషలో పిచ్చితండ్రీ, వెర్రినాగన్నా యను పిలుపులును కలవు. వానిలో నవ్వు కలదు, తిట్టు లేదు. పిలిచినవాడు పిలువబడినవానిని దగ్గరకు తీసికొనుచున్నాడు. ఒకే పదము ఒకచోట వెలివేయుటకును మరియొకచోట అక్కున చేర్చుకొనుటకును పనికివచ్చుటచే, దోషము పదమునందు గాక ప్రయోగించువాని నిలుకడయందున్నదని తెలియుచున్నది. కనుక హాస్యమును నిషేధించుటవలనను, పదములను మార్చుటవలనను మాత్రమే పని జరుగదు.

కుశలప్రశ్నమును గూర్చియు ఒక మాట. బాగున్నారా యని యడిగినచో బాగున్నామని చెప్పుటయే తెలుగునాట మర్యాద. ఒడలు బాగుండనిచో ఆ మాట చెప్పుట కలదు. మనసు బాగుండలేదని చెప్పువారు అరుదు. ఈ మర్యాద అవహిత్థయొక్క లోకరూపము. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య నాడీశాస్త్ర సంస్థ 2015–16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన సర్వే, పెద్దవారిలో నూటికి పదిమందికి మించి, అనగా 10.6 శాతము మంది, ఏదో యొక మానసికరుగ్మతతో నుండిరని తేల్చినది. రుగ్మతభేదమునుబట్టి వారిలో 70 మొదలు 92 శాతము వరకు చికిత్స పొందనివారే. ఈ యంతరమునకు వైద్యుల కొరత, ధనాభావము మున్నగు కారణములు పెక్కు కలవు. చెప్పుకొనలేకపోవుట వానిలో నొకటి. సాహిత్యవిమర్శకు అందునది అదియే.

5. నేటి హాస్యచిత్రములు

దుఃఖమును నవ్వుచు వ్రాయుట పశ్చిమదేశములందును క్రొత్తది కాదు. 1621లో ఇంగ్లండున రాబర్ట్ బర్టన్ విషాదరోగమును గూర్చి బృహద్గ్రంథము ప్రకటించుచు, నవ్వు వేదాంతియని పేరుపొందిన గ్రీకు డెమోక్రిటస్ పేరును తనకు మారుపేరుగా పెట్టుకొనెను. విషాదమునుండి తప్పించుకొనుటకే విషాదమును గూర్చి వ్రాయుచున్నానని అతడు చెప్పుకొనెను. ఆ సంప్రదాయమునకు నేటి ప్రతినిధులుగా అమెరికాదేశపు రచనలను రెంటిని గ్రహింపవచ్చును.

మొదటిది అల్లీ బ్రాష్ అను రచయిత్రి ‘హైపర్‌బోల్ అండ్ ఎ హాఫ్’ అను పేరున ప్రకటించిన చిత్రకథలలో, తన విషాదరోగమును గూర్చి 2011లోను 2013లోను వ్రాసిన రెండు భాగములు. పసిపిల్లలు గీచినట్లు కనబడు వంకరబొమ్మలతో ఈమె తన్ను తానే వికృతముగా చిత్రించుకొనును. ఇది పూర్ణముగా స్వవిషయకహాస్యము. రెండవ భాగమున ఆమె దీర్ఘకాలము ఏ భావమును కలుగని జడతలో నుండి, ఒకనాడు వంటయింటి నేలపై పడి యేడ్చుచు, శీతలపేటిక క్రింద ఎండిపోయిన మొక్కజొన్నగింజ నొకదానిని చూచి ఆపుకొనలేని నవ్వు నవ్వుట కలదు. ఆ గింజలో నవ్వదగినదేమియు లేదు. తగని చోట, కన్నీటితో, వశము తప్పి వచ్చిన ఈ నవ్వు భరతుడు చెప్పిన అపహసితమునకు సరియైన లక్ష్యము. శాస్త్రము అధమమన్న నవ్వే ఇచట మొద్దుబారిన మనస్సున తిరిగి ప్రాణమున్నదనుటకు తొలి చిహ్నమైనది.

ఆ రచనయందే వినువారిపై నొక యధిక్షేపము కలదు. తన చేపలు చచ్చినవని ఒకరు చెప్పగా, విన్నవారు అవి ఎచటనో యుండునని వెదకుటకును, మేత వేసి చూచుటకును ఉపాయములు చెప్పుదురు. చచ్చినవను మాటను మాత్రము ఎవరును వినరు. రచయిత్రి బాణము రోగిపై గాక వినువానిపై గురిపెట్టబడినది. తొందరపడి ఉపాయము చెప్పుటయు వినకపోవుటలో నొక భేదమని దీనివలన తెలియును. మాధవ్యుడు పరిహాసమని నమ్మి వినలేదు. వీరు ధైర్యము చెప్పవలెనను ఆత్రముచే వినలేదు. ఫలమొక్కటే.

రెండవది కె. సి. గ్రీన్ అను చిత్రకారుడు 2013 జనవరిలో ‘గన్‌షో’ అను తన చిత్రమాలికలో ప్రకటించిన ఆరు గడుల బొమ్మ. టోపి పెట్టుకొన్న కుక్క యొకటి, మంటలంటుకొన్న గదిలో బల్లయొద్ద కూర్చుండి, అంతయు బాగుగనే యున్నదని చెప్పుకొనుచు కాఫీ త్రాగుచుండును. లోకమున విపరీతముగా వ్యాపించినవి మొదటి రెండు గడులు మాత్రమే. మిగిలిన వానిలో మంట కుక్కను అంటుకొనును. కడపటి గడిలో దాని ముఖము కరగిపోవును. ఆరు గడులును చూచినవానికి అది భయంకరమైన కరుణాభాసము. రెండు గడులు మాత్రము చూచినవానికి సరదా. బాగున్నామను మర్యాదవాక్యమునకు ఇంతకంటె తీవ్రమైన వ్యాఖ్యానము వేరొకటి దొరకదు. ఆ వ్యాఖ్యానముయొక్క అంతము తెగిపోయినపుడు అదియే మర్యాదవాక్యముగా మారినది. ఎంత మంటలోనున్నను కూర్చుండి నవ్వుకొనవచ్చునను బోధ దానికి క్రొత్తగా అంటుకొన్నది. హాస్యచిత్రము వ్యాపించుకొలది కుదియుననియు, కుదియుకొలది వ్యథ తొలగి నవ్వు మాత్రము మిగులుననియు ఇది నిదర్శనము.

తెలుగున ఈ హాస్యచిత్రములకు నటుడు బ్రహ్మానందము ముఖము ప్రధానవిభావమైనది. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’ మొదలు చలనచిత్రములలో అతడు చూపిన విస్మయము, విసుగు, బిక్కమొగము, అతినమ్రత, ఏడుపు వేర్వేరు బొమ్మలుగా విడివడి, పరీక్షాఫలితమునకొకటి, జీతము లేని నెలకొకటి, నిద్రపట్టని రాత్రికొకటిగా వాడబడుచున్నవి. ఇందొక సౌకర్యము కలదు. తన ముఖము చూపక, అందరెరిగిన విదూషకుని ముఖమును అడ్డుపెట్టుకొని చెప్పువాడు సిగ్గుపడనక్కరలేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు తెరపైకి వచ్చి ఊరివారి సంగతులను ఊరివారి యెదుటనే చెప్పగలిగినది ఇట్టి యడ్డమువలననే. దాని వెనుకనే దోషమును కలదు. ఒకే ముఖము అందరి దుఃఖమునకు గుర్తైనపుడు, ఆ పంపినవాడు ఆనాడు సరదాకై పంపెనో, నిజముగా నిద్రలేక పంపెనో బొమ్మను చూచి చెప్పుట శక్యము కాదు. అడిగి తెలిసికొనవలసినదే.

6. ఆక్షేపములు, సమాధానములు

హాస్యకరుణములకు పరస్పరవిరోధము చెప్పబడియుండగా రెంటిని ఒకచోట చేర్చుట రసభంగము కాదా యనునది మొదటి యాక్షేపము. సాహిత్యదర్పణకారుడు హాస్యమునకు కరుణభయానకములు విరోధులన్నమాట సత్యము. అయితే ఒక రసము మరియొకదానికి అంగమైనపుడు విరోధము పరిహరింపబడునని ధ్వన్యాలోకము తృతీయోద్యోతమున ఆనందవర్ధనుడు నిర్ణయించెను. ఈ నిర్ణయమే ప్రస్తుతవిషయమున గుణదోషపరీక్షకు చక్కని సాధనము. దుఃఖము అంగియై నవ్వు దానికి అంగముగా నున్న హాస్యచిత్రము గుణవంతము. నవ్వు అంగియై ఒకని దుఃఖము దానికి సామగ్రియైనచో అది హేయము. బ్రాష్ రచన మొదటిదానికి లక్ష్యము, రోకలిసామెత రెండవదానికి. గ్రీన్ బొమ్మ పూర్ణముగా నున్నపుడు మొదటిదానిలోను, ఖండితమైనపుడు రెండవదాని సమీపమునను నిలుచును.

అనుకరణము వలన వ్యథ చులుకన యగుననియు, నిజమైన రోగికిని వేడుకకాడికిని భేదము తెలియకపోవుననియు రెండవ యాక్షేపము. ఇది బలమైనది. మాట పలుచనయగుట కలదు. విసుగు కలిగిన ప్రతివాడును రోగిననుకొనుటయు కలదు. కాని దీనికి విరుగుడు మౌనము కాదు. మౌనమున భేదము అంతకంటెను తెలియదు. ఒకని మాట వేడుకయో వేదనయో నిర్ణయింపలేనపుడు వేదనయని తలచి అడిగినవాడు, పొరబడినచో ఒక నవ్వునకు గురియగును. వేడుకయని తలచి ఊరకున్నవాడు పొరబడినచో కలుగు నష్టమునకు దిద్దుబాటు లేకపోవచ్చును.

నవ్వుట చికిత్స కాదనునది మూడవ యాక్షేపము. ఇది ఆక్షేపము కాదు, అంగీకార్యము. నాటకమున విదూషకుడు వ్యాధిని తీర్చడు. వ్యాధి ఉన్నదని రాజుచేత పలికించును. అంతకుమించిన ఫలమును హాస్యచిత్రమునకు ఆరోపించుట, ఆముఖమును నాటకమనుటవంటిది. 2022 అక్టోబరు 10వ తేదీన భారతప్రభుత్వము ‘టెలి-మానస్’ అను పేర 14416 అను సంఖ్యతో ఫోనుసలహా యేర్పాటును ప్రారంభించినది, తెలుగుననే మాటలాడవచ్చును. హాస్యము మనుష్యుని అట్టి తావు గుమ్మమువరకు తేగలదు. లోపలికి చేయిపట్టుకొని కొనిపోవలసినవాడు మనుష్యుడే.

7. ఉపసంహారము

భరతుడు హాస్యమునకు అవహిత్థను తోడుచేయుట, కాళిదాసు ఒక్క పరిహాసవాక్యముచే మిత్రుని నోటికి తాళము వేయించుట, యుగంధరుని కేకలు విని వీథిజనము నవ్వుట, ఆరు గడుల బొమ్మ రెండు గడులై లోకమున తిరుగుట అను నాలుగును ఒకే సంగతిని చెప్పుచున్నవి. పరిహాసముగా చెప్పిన మాట సగము చెప్పిన మాట. మిగిలిన సగము వినువాని ప్రశ్నవలన గాని బయటికి రాదు. కావున మనోవ్యథను గూర్చిన హాస్యమును ప్రోత్సహింపదలచినవారు, మంచి హాస్యచిత్రములు వ్రాయువారిని సిద్ధపరచుటకంటె, మంచి శ్రోతలను సిద్ధపరచుటకు ఎక్కువ శ్రమింపవలెను. సహృదయుడను మాటకు కావ్యమునకు వెలుపలను అర్థము కలదు.

పాఠశాలలలోను కళాశాలలలోను ఉండు పండితులకు ఈ విషయము దూరమైనది కాదు. పరీక్షలు సమీపించినపుడు పిల్లలు తమలో తాము పంచుకొను నవ్వులలో, ఫలితములనాడు ఇంటికి పోరాదను మాటయు, తాను లేకున్న అందరికి హాయియను మాటయు తరచు వినబడుచుండును. పలికిన పిల్లవాడు నవ్వుచునే పలుకును. చుట్టునున్నవారు నవ్వుచునే విందురు. గురువు గద్దించినచో, ఊరకే యన్నానండీ యని వెంటనే వెనుకకు తీసికొనును. ఇది ద్వితీయాంకాంతమున దుష్యంతుడు పలికిన మాటయే. శాకుంతలము పాఠము చెప్పు పండితుడు ఆ ఘట్టమును తరగతిలో ఎన్ని మారులు వ్యాఖ్యానించియుండునో! అదే మాట తరగతి వెలుపల ఒక బాలుని నోట వినబడినపుడు, గద్దింపక, ఉపదేశింపక, అతనిని ప్రక్కకు పిలిచి, అది నవ్వులాటయేనా నాయనా యని మెల్లగా అడిగి, జవాబు వచ్చువరకు కూర్చుండుట అతని వ్యాఖ్యానమునకు ఫలశ్రుతి. మట్టిముద్దవంటి బుద్ధియని మాధవ్యుడు తన్ను తాను నిందించుకొనెను; అప్పటికి జరుగవలసినది జరిగిపోయెను.